మావాడి యాప్ పిచ్చి ఆపాలా?

ప్రశ్న: మాది పలాస. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాళ్ల మేనమామకి జీడి పరిశ్రమ ఉంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల కూలి లెక్కల్లో వారం వారం గొడవలవుతుంటే, సెలవుల్లో దానికో యాప్ చేసిచ్చాడు. ఇప్పుడు దాన్నే స్టార్టప్ చేస్తానంటున్నాడు. ఒక సబ్జెక్టు కూడా తప్పాడు. ఆపమనాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: యాప్ ఆపమనకండి. స్టార్టప్‌కి మాత్రం ఇప్పుడే సరే అనకండి.

స్టార్టప్ పెట్టాలని ముందే నిర్ణయించుకుని, తర్వాత ఐడియా వెతుక్కునే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఫుడ్ డెలివరీ, పాత పుస్తకాలు, ఏఐతో ఏదో ఒకటి. ఎవరికి కావాలయ్యా అంటే నీళ్లు నములుతారు. మీవాడు గొడవని కళ్లారా చూసి పని మొదలుపెట్టాడు. అదే అతని బలం.

యాపిల్ కంపెనీ కూడా ఇలాంటి పక్కపనిగానే మొదలైంది. స్టీవ్ వోజ్నియాక్ హెచ్‌పీ కంపెనీలో కాలిక్యులేటర్లు డిజైన్ చేస్తూ, సరదాకి సొంతంగా కంప్యూటర్ బోర్డు తయారుచేసి క్లబ్బులో స్నేహితులకి చూపించేవాడు. అమ్ముదామన్నది స్టీవ్ జాబ్స్. 1976లో కంపెనీ పెట్టాక కూడా వోజ్నియాక్ వెంటనే ఉద్యోగం మానలేదు.

మన తెలుగువాడు ఫణీంద్ర సామా సంగతీ చూడండి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, దీపావళికి ఇంటికెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఇబ్బంది పడ్డాడు. స్నేహితులతో కలిసి ముందు బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాశాడు. వాళ్లు పట్టించుకోలేదు. అప్పుడు సీట్లు తామే అమ్మడం మొదలుపెడితే, 2006లో రెడ్‌బస్ అయింది. మొదట చేసింది కాదు, చేస్తుంటే తెలిసింది పనికొచ్చింది.

అందుకే మీవాడిని ఆ యాప్ బంధువులు కాని ఒక యజమానికి ఇచ్చి చూడమనండి. మేనమామ వాడటం లెక్కలోకి రాదు, మేనల్లుడి ముచ్చట కోసమైనా వాడతాడు. కూలి పంచే రోజు అక్కడే కూర్చుని గమనించమనండి. పిక్కలు కొట్టే ఆడవాళ్ల ఫోన్లలోనూ లెక్క కనబడాలి, అదీ తెలుగులో. యజమానికి మాత్రమే కనబడితే గొడవ ఎక్కడికీ పోదు. ‘కూలి సంగతి సరే, బస్తాకి గుండు పప్పు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత వచ్చిందో చెప్పగలవా?’ అని ఏ యజమానో అడిగితే, అసలు ఐడియా అక్కడ ఉండొచ్చు. ఊళ్లో కూర్చుంటేనే వినపడే మాట అది. హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఎవరు చెబుతారు?

కంపెనీ రిజిస్ట్రేషన్, ఆఫీసు, లోగో ఇప్పుడు వద్దు. డబ్బులివ్వకండి. ప్లేస్‌మెంట్లకి కూర్చోమనండి. ఉద్యోగం వస్తే, అపాయింట్‌మెంట్ లెటర్‌లో సొంత పనుల గురించి ఏం రాశారో చదివి, యాప్ పని సొంత ల్యాప్‌టాప్‌లోనే చేసుకోమనండి.

తప్పిన సబ్జెక్టు విషయంలో మాత్రం గట్టిగానే ఉండండి. బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ పరీక్షకే రానివ్వవు. అది పాసయ్యేదాకా యాప్ ఆదివారాలకే.