ఆమె ఆపరేషన్‌కి ముందు ఊరి నుంచి తెప్పించాల్సిన సీడీ

సందేహం: మాది విజయవాడ. అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. దగ్గు తగ్గక తీసిన స్కాన్‌లో మా ఆవిడ ఊపిరితిత్తిలో నాడ్యూల్ (చిన్న గడ్డ) కనిపించింది. సర్జరీ చేసి తీసేస్తామంటున్నారు. ఊళ్ళో చెప్పాలా వద్దా? ఈ లోపు నేనేం చేయాలి?

తమ్ముడూ, మావారికి ఈ ఆపరేషనే అయింది కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు రాత్రిళ్ళు ఎలా గడుస్తున్నాయో నాకు తెలుసు. సెలవులకి గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో అమ్మావాళ్ళింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మరదలిని ఒకటి అడగండి. ఇండియాలో ఉండగా ఎప్పుడైనా ఛాతీకి సీటీ గానీ ఎక్స్‌రే గానీ తీశారా? కోవిడ్ రోజుల్లో మనవాళ్ళు ఎంతమంది సీటీకి పరిగెత్తారో గుర్తుందిగా. సూర్యారావుపేటలోనో, ఇక్కడ కొత్తపేటలోనో ఏదో సెంటర్‌లో తీయించుకునే ఉండొచ్చు. ఫిల్ముని వాట్సాప్‌లో ఫొటో తీసి పంపితే డాక్టర్లకి పనికిరాదు. మీ బావమరిదినో, నాన్నగారినో పంపి, స్కాన్ మొత్తం ఉన్న సీడీ, రిపోర్టు తెప్పించండి. గట్టి రకం నాడ్యూల్ రెండేళ్ళుగా పెరగకుండా అలాగే ఉంటే మామూలుగా దాన్ని ప్రమాదం కానిదిగానే చూస్తారు. మసకగా కనిపించే రకానికి మాత్రం ఈ లెక్క చాలదు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అన్నదీ దాచకుండా చెప్పండి. టీబీ వచ్చి మానిన మచ్చ కూడా స్కాన్‌లో నాడ్యూల్‌లాగే కనిపించొచ్చు, టీబీ ఉంటే క్యాన్సర్ కోసం తీసే పెట్ స్కాన్‌లోనూ వెలుగుతుంది. ఇవన్నీ చూశాక కూడా తీయాల్సిందే అని సర్జన్ అంటే తీయించండి. ఊరెళ్ళి ఇంకొకరికి చూపిద్దామని నెలలు జరపొద్దు. రెండో అభిప్రాయం కావాలంటే అక్కడే వారంలో తీసుకోండి.

సర్జన్‌ని ఎంత తీస్తారో విడమరిచి అడగండి. కుడి ఊపిరితిత్తికి మూడు లోబ్‌లు, అంటే భాగాలు, ఎడమదానికి రెండు. ఒక్కోసారి నాడ్యూల్ చుట్టూ ముక్క మాత్రమే తీస్తారు, ఒక్కోసారి లోబ్ అంతా తీస్తారు. చాలాచోట్ల ముందు చిన్న ముక్క తీసి, మత్తులో ఉండగానే ల్యాబ్‌లో చూసి, దాన్నిబట్టి మిగతాది నిర్ణయిస్తారు. అంటే ఎంత పోయిందో ఆమెకి లేచాకే తెలుస్తుంది. ఈ మాట ముందే ఆమెకి చెప్పించండి. ఇంగ్లీషులో ఆమెకి ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, ఆసుపత్రి ఉచితంగానే ఏర్పాటు చేయాలి. మీరు తర్జుమా చేయకండి. భయపెట్టే మాట వచ్చినప్పుడు భర్త నోరు దాన్ని తగ్గించేస్తుంది, ఆమె సంతకం మాత్రం సగం తెలిసీ తెలియక పెడుతుంది.

ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి రాతలో ఉందో లేదో చూసుకోండి. ఇంట్లోవాళ్ళ జబ్బుకి ఉద్యోగం పోకుండా దొరికే ఎఫ్ఎంఎల్ఏ సెలవు మీకు రాదు. దానికి ఆ కంపెనీలో 12 నెలలు, 1,250 గంటల పని నిండాలి. హెచ్‌ఆర్‌ని ఇప్పుడే కలిసి వేరే సెలవు ఏముందో కనుక్కోండి.

ఇక ఊళ్ళో చెప్పడం. ఎవరికి చెప్పాలో ఆమె నిర్ణయం. మీ అమ్మగారికి ముందు, వాళ్ళమ్మగారికి తర్వాత తెలిసిందంటే ఆ బాధ ఆపరేషన్ కంటే ఎక్కువ రోజులుంటుంది. చెప్పాక ఆమె ఫోను మీ దగ్గర పెట్టుకోండి. "సిగరెట్ ముట్టని పిల్లకి ఇదేంటి", "క్యాన్సరా" అని అడిగేవాళ్ళు ఉంటారు. సిగరెట్ తాగనివాళ్ళకీ నాడ్యూల్స్ వస్తాయి. చాలా నాడ్యూల్స్ క్యాన్సర్ కావు కూడా. అయినా పూర్తి రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఏదీ తేల్చి చెప్పలేరు, దానికి సర్జరీ తర్వాత కొన్ని రోజులు పడుతుంది. ఆ మాటే అందరికీ చెప్పండి. ఆమెతో మాత్రం "ఏం కాదులే" అనకండి. ఆ మాట వింటే ఆమె తన భయం మీకు చెప్పడం మానేస్తుంది. మావారు రాత్రి రెండింటికి మాట్లాడేవారు, నేను వినేదాన్ని, అంతే.

సర్జరీ అయ్యాక ఛాతీ పక్కన ట్యూబ్ ఉంటుంది. బంతులు పైకి లేచే ఆ ఊపిరి పరికరాన్ని నర్సు చెప్పినన్ని సార్లు ఊదకుండా లోపలికి పీల్చాలి. దగ్గొస్తే దిండు గట్టిగా హత్తుకుని దగ్గాలి. మన ఆడవాళ్ళు నొప్పి ఓర్చుకోవడం గొప్ప అనుకుంటారు. ఇక్కడ అది హాని చేస్తుంది. నొప్పి ఉంటే ఊపిరి నిండా పీల్చరు, దాంతో న్యుమోనియా పట్టుకోవచ్చు. మాత్రలు వేళకి ఇవ్వండి. వాటిలో బలమైనవి మలబద్ధకం చేస్తాయి కాబట్టి నీళ్ళు, పీచున్న కూరలు, పల్చటి మజ్జిగ చూసుకోండి. ఎండుమిరపకాయల పోపు వేసేటప్పుడు ఆమె గది తలుపు మూసేయండి. ఆ ఘాటుకి వచ్చే దగ్గు కుట్ల దగ్గర ఎలా లాగుతుందో నేను చూశాను. జ్వరం వస్తే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 911.

అత్తగారిని పిలిపించాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా అపాయింట్‌మెంట్ త్వరగా ఇవ్వమని ఆసుపత్రి లెటర్‌తో అడగొచ్చు. వీసా దొరికితే ఆవిడ మీ సెలవు అయిపోయే వారానికి వచ్చేలా టికెట్ తీయండి. మొదటి రోజులు మీరే దగ్గరుండండి. మీరు ఆఫీసుకి వెళ్ళడం మొదలయ్యాకే ఆమెకి అమ్మ ఎక్కువ కావాలి.