సీలింగ్ విప్పకుండానే లైట్లు

ప్రశ్న: మా ఇంటి సెల్లార్‌ను హాలుగా మార్చుకున్నాం. 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, జిప్సం ఫాల్స్ సీలింగ్ వరకు ఎత్తు 8 అడుగులు. కొండకి వచ్చే చుట్టాలందరికీ పడక అక్కడే. రెండు ట్యూబ్‌లైట్లు, రెండు ఫ్యాన్లు ఉన్నాయి గానీ మూలలన్నీ చీకటి. సీలింగ్‌లో కలిసిపోయే ఎల్ఈడీ లైట్లు పెట్టమంటే ఎలక్ట్రీషియన్ మొత్తం సీలింగ్ విప్పాలంటున్నాడు. నిజంగా అవసరమా? – ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: అక్కర్లేదండీ. విప్పితే ఆయనకి పని సులువవుతుంది, దుమ్మూ ఖర్చూ మీకు మిగులుతాయి. ట్యూబ్‌లైట్ల కోసం కరెంటు ఎలాగూ పైకి వచ్చి ఉంది కాబట్టి, లైట్లకి కోసిన రంధ్రాల్లోంచే స్ప్రింగు పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి వైరు లాక్కుంటూ పోవచ్చు. బోర్డు పైన ఇనుప ఛానళ్లు మామూలుగా అడుగున్నరకి ఒకటి చొప్పున ఉంటాయి, ఆ ఛానళ్ల వెంబడే లైట్ల వరస వస్తే వైరు ఎక్కడా తట్టుకోదు. ఛానల్ ఎక్కడుందో తెలియాలంటే చిన్న అయస్కాంతం సీలింగ్‌కి ఆనించి జరపండి, స్క్రూ ఉన్నచోట పట్టుకుంటుంది.

లైట్లు ముందే కొనేయకండి. ఒక్క రంధ్రం కోయించి, లోపల స్లాబు దాకా, ముఖ్యంగా బీము కింద, ఎంత ఖాళీ ఉందో కొలవండి. పల్చటి ప్యానెల్ లైటుకి రెండంగుళాలుంటే చాలు, లోతుగా ఉండే స్పాట్ లైటుకి చాలదు. రంధ్రం సైజు డబ్బా మీద రాసి ఉంటుంది, లైటు అంచు కొలిచి కోశారంటే అది జారి కింద పడుతుంది.

మీ హాలుకి 12 వాట్లవి 8 సరిపోతాయి, రెండు వరసలుగా, వరసకి నాలుగు. పక్క గోడకి మూడున్నర అడుగుల దూరంలో వరస, అందులో లైటుకీ లైటుకీ 5 అడుగులు, చివరి లైటు గోడకి రెండున్నర అడుగులు. ఈ లెక్క ఫ్యాన్ల కోసం. లైటు రెక్కల పైకి వచ్చిందా, ఫ్యాను తిరిగినంతసేపూ గదంతా నీడలు కొట్టుకుంటూ తలనొప్పి తెప్పిస్తాయి, తక్కువ ఎత్తు సెల్లార్లలో ఇది మరీ ఎక్కువ. మీ ఫ్యాన్లు నడిమధ్యలో ఉంటే, 4 అడుగుల ఫ్యానుకి రెక్క రెండడుగులు కాబట్టి నేను చెప్పిన వరసలు దాన్ని తప్పించుకుంటాయి. నన్నడిగితే వెలుగు కంటే ఇదే ముందు చూసుకోవాలి.

రెండు వరసలకీ విడి స్విచ్‌లు పెట్టించండి, అర్ధరాత్రి దర్శనం చేసుకుని వచ్చినవాళ్లు ఒక వరసతో సర్దుకుంటారు, పడుకున్నవాళ్లని లేపరు. కిటికీల్లేని గదిలో 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే లెక్క) తెలుపు ఆసుపత్రిలా ఉంటుంది, 4000 కెల్విన్ తీసుకోండి. అన్నీ కలిపి 96 వాట్లే కాబట్టి ఇన్వర్టర్‌కి కూడా బరువు కాదు.

వైర్లు కలిపిన చోట ఉత్త టేపు చుట్టి వదిలేస్తే ఒప్పుకోవద్దు, కనెక్టర్ పెట్టి బాక్సులో మూయాలి. వైరు పైపులో పోవాలి, సెల్లార్ కదా, ఎలుకలుంటాయి. డ్రైవర్ (లైటుకి సరిపడా కరెంటు అందించే చిన్న డబ్బా) విడిగా ఉండే లైట్లే కొనండి, సాధారణంగా ముందు పోయేది అదే, రంధ్రంలోంచి లాగి మార్చుకోవచ్చు.

ఇక నీళ్ల సంగతి. 2021 నవంబరు వానలకి తిరుపతిలో సెల్లార్లలోకి నీళ్లొచ్చాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. సెల్లార్ లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), ఎంసీబీ (లోడు ఎక్కువైనా షార్ట్ అయినా ఆపేసే స్విచ్) పెట్టించి ఆ బోర్డు పై అంతస్తులో ఉంచండి. నీళ్లలో దిగి కరెంటు ఆపాల్సిన పని ఉండకూడదు.

ప్రశ్న: మాకు ఫాల్స్ సీలింగ్ లేదు. స్లాబు చెక్కి ఇలాంటి లైట్లు పెట్టించొచ్చా? – ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు. స్లాబు అడుగున కడ్డీల కింద కాంక్రీటు అంగుళం కూడా ఉండదు, లైటుకేమో రెండంగుళాలు కావాలి. చెక్కితే కడ్డీ బయటపడి తుప్పు పడుతుంది. స్లాబు చెక్కకుండా దానికి ఆనించి బిగించే ప్యానెల్ లైట్లు తీసుకోండి. కొత్తగా పై అంతస్తు వేస్తుంటే మాత్రం కాంక్రీటు పోయకముందే సెంట్రింగ్ మీద లైటు బాక్సులు పెట్టించుకోవచ్చు.