ఆపరేషన్ కాలు మానలేదు, మంచి కాలు చెడుతోంది

ప్రశ్న: మా గుర్రం బరువు 300 కిలోల దాకా ఉంటుంది. కుడి ముందుకాలు మోకాలి కింద విరిగితే ప్లేటు వేయించి అయిదు వారాలైంది, ఇంకా కట్టు ఉంది. ఇన్నాళ్లూ ఆ కాలు ఆనించనిది, రెండు రోజులుగా దానిమీదే నిలబడి ఎడమకాలు ఎత్తి పట్టుకుంటోంది. కట్టు పైఅంచున ఈగలు ముసురుతున్నాయి. ఎడమకాలు బెణికిందని చెబితే మెడికల్ షాపులో డెక్సా, మెలాక్సికామ్ సూదులు ఇచ్చారు. విరిగింది అతికినట్టేనా? ప్లేటు తీయించాలా?

జవాబు: అతకలేదు, ఇది బెణుకూ కాదు. ఎడమకాలి నొప్పి భరించలేక విరిగిన కాలిమీదికి మారింది. వారాల తరబడి బరువంతా ఒక్క కాలే మోస్తే గిట్ట లోపలి పొరలకు రక్తం సరిగా అందదు, గిట్ట లోపలి ఎముక కిందికి జారుతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. 2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బరో అనే గుర్రానికి విరిగింది కుడి వెనక కాలు, ఆపరేషన్ తర్వాత లామినైటిస్ వచ్చింది ఎడమ వెనక కాలికి. 2007 జనవరిలో దానికి దయామరణం ఇవ్వాల్సి వచ్చింది.

ఎడమ గిట్ట పట్టుకుని చూడండి, వేడిగా ఉండి, గిట్టకు పైనున్న కీలు వెనక రెండు పక్కలా నాడి గట్టిగా కొట్టుకుంటుంటే లామినైటిస్ అనుమానం బలపడుతుంది. నాడా ఉంటే డాక్టరు చేత తీయించి, 5 సెం.మీ. థర్మాకోల్ ముక్కను గిట్ట ఆకారంలో కోసి అడుగున టేపుతో బిగించండి, నలిగితే ఇంకోటి. ఇసుక మందంగా పరవండి, పడుకుంటే లేపొద్దు, నడిపించొద్దు. గిట్ట నుంచి మోకాలి కింది నల్లి ఎముక సగం దాకా ఐసులో 48-72 గంటలు తెరిపి లేకుండా ఉంచాలి. ఉలవలు, దాణా ఆపి ఎండుగడ్డి, నీళ్లు పెట్టండి.

డెక్సా అంటే స్టెరాయిడ్, దాన్ని వెంటనే ఆపండి. లామినైటిస్ అనుమానం, పైగా కట్టు లోపల చీము ఉండొచ్చు, అలాంటప్పుడు స్టెరాయిడ్ ఇవ్వడం ఘోరం. అసలు గుర్రాన్ని చూడకుండా సూదులు చేతిలో పెట్టే షాపువాళ్ల మాట ఎందుకు వింటారు? మెలాక్సికామ్, ఫ్లూనిక్సిన్ లాంటి నొప్పిమందులు రెండు కలిపితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. మెలాక్సికామ్ కూడా మానేసి, ఎప్పటి నుంచి మార్చాలో డాక్టరునే అడిగి, ఫ్లూనిక్సిన్ ఒక్కటే కిలోకు 1.1 మి.గ్రా. చొప్పున వాడండి. మి.లీ.కు 50 మి.గ్రా. ఉండే మందైతే 300 కిలోలకు 6.6 మి.లీ., రోజుకు ఒకసారి, అయిదు రోజులు మించకుండా, అదీ డాక్టరు చేత నరంలోకే. కండలోకి పొడిస్తే గుర్రాలకు కండ కుళ్లే ప్రమాదం ఉంది.

ఈగలు ముసిరాయంటే లోపల పుండు గానీ చీము గానీ ఉండొచ్చు, కట్టు రేపే విప్పించండి. రెండు కాళ్లకూ ఎక్స్‌రే తీయించండి. మరలు వదులు కాకుండా ప్లేటు ఎముకను పట్టి ఉంచితే, చీము ఉన్నా ఎముక అతికేదాకా ప్లేటు తీయరు. చీము ఉంటే కల్చర్‌కి, అంటే ఏ బ్యాక్టీరియానో తేల్చే ల్యాబ్ పరీక్షకి పంపి, రిపోర్టును బట్టే యాంటీబయాటిక్ ఎంచాలి.