దుబాయ్‌లో సర్వీస్డ్ అపార్ట్‌మెంటా, మామూలు ఫ్లాటా?

రెండు మూడు నెలలు ఉండేవారికి సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ (హోటల్‌లా సేవలతో కలిపి అద్దెకిచ్చే ఇల్లు), ఏడాదికి తగ్గకుండా ఉండేవారికి మామూలు ఫ్లాట్ మేలు.

కారణం అద్దె కంటే ఒప్పందంలోనే ఎక్కువ ఉంది. మామూలు ఫ్లాట్‌ను సాధారణంగా ఏడాదికి రాసిస్తారు. అద్దెకు రాబోయే తేదీలు వేసిన చెక్కులు అడుగుతారు. చెక్‌బుక్ కావాలంటే బ్యాంకు ఖాతా, దానికి రెసిడెన్స్ వీసా, ఎమిరేట్స్ ఐడీ ఉండాలి. విమానం దిగిన వారంలో ఇవన్నీ ఎక్కడివి? సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌కు పాస్‌పోర్టు, కార్డు చాలు. కరెంటు, నీళ్లు, వైఫై, శుభ్రం చేయడం మామూలుగా అద్దెలోనే కలిసి ఉంటాయి.

ఉదాహరణకు, ఏడాదికి 60,000 దిర్హామ్‌ల ఫ్లాట్ నాలుగు చెక్కుల మీద తీసుకుంటే మొదటి చెక్కు 15,000. ఫర్నిచర్ లేని ఇంటికి 5 శాతం డిపాజిట్ 3,000, ఏజెంటుకు 5 శాతం 3,000, కరెంటు-నీళ్ల సంస్థ దేవాకు డిపాజిట్ 2,000. తాళంచెవి చేతికి రాకముందే దాదాపు 23,000 కావాలి. మంచం, ఫ్రిజ్ వేరే.

ఫర్నిచర్ ఉంటే అది సర్వీస్డ్ అపార్ట్‌మెంటే అని చాలామంది పొరబడతారు. కాదు. ఫర్నిష్డ్ ఫ్లాట్‌కూ ఏడాది ఒప్పందం, సొంత కరెంటు బిల్లు ఉంటాయి, డిపాజిట్ అయితే సాధారణంగా 10 శాతం. ఇంకో సంగతి: భార్యాపిల్లలను వీసా మీద తెచ్చుకోవాలనుకుంటే ఇజారీలో, అంటే దుబాయ్ ప్రభుత్వం అద్దె ఒప్పందాలు నమోదు చేసే వ్యవస్థలో, నమోదైన అద్దె ఒప్పందం అడుగుతారు, సర్వీస్డ్‌లో దిగేముందే అది ఇస్తారో లేదో కనుక్కోండి.