ప, వ, మ కలిసిపోతుంటే...

ప్రశ్న: రెండో తరగతి పిల్లలు ‘ప’ను ‘వ’లా, ‘వు’ను ‘మ’లా రాస్తున్నారు. కొందరి ఇళ్లలో కన్నడ మాట్లాడతారు. ఇంగ్లీషుకు సాసూన్ ఫాంటు ఉన్నట్టు, తెలుగు కాపీ షీట్లకు ఏది వాడాలి?
– ఒక టీచరు, ఆదోని

జవాబు: టీచరుగారూ, బ్రిటన్‌కు చెందిన చేతిరాత నిపుణురాలు రోజ్‌మేరీ సాసూన్ 1980లలో ఏ అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయో పిల్లల్నే అడిగి, ఆ ఫాంటు గీశారు. అందులోని ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో చాలావాటి చివర, కింది గీత దగ్గర చిన్న తోక ఉంటుంది. చెయ్యి తర్వాతి అక్షరానికి ఎటు పోవాలో అది చూపిస్తుంది. రూపం కన్నా ముందు చేతి కదలిక కుదరాలన్నది ఆమె పట్టు. మనం తీసుకోవాల్సింది ఇదే.

‘ప’లో తలకట్టు విడిగా ఉంటుంది, చెయ్యెత్తి పెట్టాలి. ‘వ’లో అది అక్షరానికి అతుక్కుంటుంది. ‘మ’ తోక పక్కనుంచి పైకి లేస్తుంది. ‘వు’లో కొమ్ము అక్షరం అడుగునుంచి, గీత కిందికి దిగి లేస్తుంది. ఆ దిగడాన్ని పిల్లలు వదిలేస్తే ‘వు’ కాస్తా ‘మ’ అయిపోతుంది. కన్నడ చూసే పిల్లలు తలకట్టును అడ్డంగా సాగదీస్తారు. టిక్కు మార్కులా పైకి లేపమనండి, తిట్టొద్దు.

ఫాంటుకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ తీసుకోండి, రెండూ ఉచితమే. లావు, సన్నం బాగా మారే అలంకారపు ఫాంట్లు వద్దు. జిరాక్సులో సన్న గీత ఎగిరిపోతుంది, లావు గీతల మధ్య సందు పూడి ‘ప’ కూడా ‘వ’ అయిపోతుంది. ముందు ‘పలక, వలస, పువ్వు, మామ’ అని ఒక్క పేజీ ప్రింటు తీసి చూడండి. కంప్యూటర్లో అక్షరం సైజుకు చూపే పాయింట్ల లెక్క నమ్మొద్దు, ఫాంటు మారితే సైజు మారుతుంది. ఒత్తు, గుడి లేని అక్షరం స్కేలుతో కొలిస్తే 8–10 మి.మీ. ఉండాలి, కింద ఒత్తుకు అంతే ఖాళీ వదలాలి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని తక్కువ పెడితే ఒత్తులు తెగిపోతాయి. డీటీపీ సెంటర్లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కొట్టిస్తే పీడీఎఫ్ అడగండి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి.

చుక్కల అక్షరాలు మాత్రం మానేయండి. పిల్లలు చుక్క చుక్కకీ ఆగుతారు, కదలిక తెగిపోతుంది. లేత బూడిదరంగులో నిండు అక్షరం వేసి, మీరు పలక మీద మొదలుపెట్టే చోటే ఒక చుక్క, పక్కన బాణం గుర్తు పెట్టండి. మూడుసార్లు దిద్దించి, వెంటనే మూడుసార్లు ఖాళీ గీత మీద రాయించండి.

ప్రశ్న: మా బాబుది ఎడమచేతి వాటం. రాసిందంతా చేత్తో తుడిచేస్తున్నాడు. చెయ్యి మార్పించాలా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: వద్దమ్మా, మార్పించకండి. నోటుపుస్తకం బాబుకు ఎడమవైపు జరిపి, పైఅంచు కుడికి వాలేలా తిప్పండి. పెన్సిల్‌ను మొనకు 3 సెం.మీ. పైన పట్టుకోమనండి, రాసింది కనబడుతుంది, మణికట్టు వంచాల్సిన పని ఉండదు. జెల్ పెన్ను ఇప్పుడే వద్దు. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి, లేకపోతే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది.