హోటలు వంటగదిలో స్టీలుకు తుప్పు చుక్కలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను టిఫిన్ హోటలు నడుపుతున్నాను. కొంతకాలం క్రితం వంటగదిలో స్టెయిన్‌లెస్ స్టీలు బల్లలు, సింకులు చేయించాను. ఇప్పుడు సింకు అడుగున, బల్లల అంచుల వెంబడి ఆవగింజంత గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. పనివాళ్లు రాత్రి బ్లీచింగ్ నీళ్లు చల్లి వదిలేసి, పొద్దున ఇనుప పీచుతో రుద్దుతారు. వేసవిలో చుక్కలు మరీ ఎక్కువవుతున్నాయి. అయస్కాంతం అంటుకోవడం లేదు కాబట్టి రేకు మేలైనదేనని తయారు చేసినవారు అంటున్నారు. నేను మోసపోయానా?
– ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: మీరు మోసపోయారో లేదో ఉత్తరాన్ని బట్టి తేల్చలేను గాని, చుక్కలకు చాలినన్ని కారణాలు మాత్రం అందులోనే ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ అధికభాగం ఇనుమే. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండటం వల్ల, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనబడనంత పలుచని పొరగా లోహాన్ని కప్పుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే తిరిగి కట్టుకుంటుంది. దానికి అసలు శత్రువు క్లోరైడు. అది పొరను ఎక్కడో ఒకచోట ఛేదించి సూదిమొనంత గుంట చేస్తుంది. ఆ గుంట లోపలికి ఆక్సిజన్ సరిగా అందదు కనుక పొర మళ్లీ కట్టుకోలేక, పైకి ఆవగింజంతే కనబడుతున్నా లోహాన్ని లోతుకు తినేస్తూ పోతుంది.

క్లోరైడు మీ వంటగదిలోకి ఉప్పుతోను, పచ్చళ్లతోను, రాత్రి చల్లే బ్లీచింగ్‌తోను వస్తోంది. వేసవిలో ఎక్కువవడానికి కారణం నీళ్లలో వెతకండి. కాలువలకు నీరు ఆపేశాక మీరు బోరు నీటికి మారుతున్నట్లయితే, సముద్రానికి దగ్గరైన మన డెల్టా మండలాల్లో ఆ నీరు చాలాచోట్ల ఉప్పన. తుడవకుండా వదిలిన చుక్క ఆరేకొద్దీ నీరు పోయి ఉప్పు చిక్కబడుతుంది. చుక్కలు సింకు అడుగున, అంచుల వెంబడి రావడంలో వింత లేదు. నీరు నిలిచేది అక్కడే కదా.

ఇనుప పీచును ఈ రోజే బయట పారేయించండి. అది రుద్దినప్పుడు రాలే ఇనుప నలుసులు రేకులో ఇరుక్కుని తడికి తుప్పు పడతాయి. చూసేవారికి అది స్టీలు పట్టిన తుప్పులా ఉంటుంది. రెంటికీ తేడా తెలియాలంటే చుక్కను శుభ్రం చేశాక గోరు కొసతో తడిమి చూడండి. నున్నగా ఉంటే అది నలుసుల తుప్పే, బెంగ లేదు. గోరుకు గుంట తగిలితే స్టీలే తినుకుపోయిందని అర్థం. ఆ గుంటను ఏ పొడీ పూడ్చదు, ఇక పెరగకుండా చూసుకోవడమే.

శుభ్రం చేయడానికి లీటరు వేడినీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కరిగించి, ఆ నీటిలో ముంచిన గుడ్డను మరక మీద పావుగంట పరచి, తర్వాత రేకు మీది సన్నని గీతలు ఏ దిశలో ఉంటే ఆ దిశలోనే నైలాన్ పీచుతో రుద్ది, మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. కఠినజలం వదిలే తెల్లటి సున్నపు పొర కూడా దీనికే పోతుంది. మొండి తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం కలిసిన పొడి వాడవచ్చు. అది విషం కాబట్టి చేతితొడుగులు తప్పనిసరి, ఆ తర్వాత బాగా కడగడమూ తప్పనిసరి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను మాత్రం స్టీలు దగ్గరకు రానివ్వకండి, అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులోనూ ఉన్నది క్లోరైడే. బ్లీచింగ్ తడి ఉన్నచోట నిమ్మ ఉప్పు గాని, వెనిగర్ గాని, మరే ఆమ్లం గాని పోస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరికే ముప్పు తెస్తుంది.

రోజువారీకి సబ్బునీరు, మెత్తని పీచు, చివర పొడిగుడ్డ చాలు. ఇనుప పెనాలను తడిగా బల్ల మీద రాత్రంతా ఉంచవద్దు. బోరు నీరు తప్పనప్పుడు ఆఖరి కడుగైనా ఫిల్టరు నీటితో చేయించండి.

ఇక అయస్కాంతం సంగతి. ఈ పరీక్షను మనవాళ్లు అతిగా నమ్ముతారు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకానికి అయస్కాంతం సాధారణంగా అంటదు, నిజమే. అయితే నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవకరకం 200 శ్రేణికీ అంటదు, తుప్పుకు తట్టుకోవడంలో అది 304 కంటే తక్కువది. మరోవైపు అసలైన 304 రేకు కూడా వంచిన మూలల దగ్గర కొద్దిగా లాగవచ్చు. కాబట్టి ఈసారి బిల్లు మీద రకం రాయించుకోండి, రేకు తయారీదారు ఇచ్చే పరీక్షపత్రం అడగండి. అనుమానం తీరకపోతే లోహపరీక్షల ప్రయోగశాలలో చిన్న ముక్క ఇచ్చి చూపించుకోవచ్చు.

ప్రశ్న: మాది రొయ్యలు వలిచే షెడ్డు. క్లోరిన్ నీరు వాడక తప్పదు. బల్లలు పాడవకుండా ఎలా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

సమాధానం: క్లోరిన్ మానమని చెప్పను, పరిశుభ్రత ముందు. ఆహారం తగిలే బల్లలకు 200 పీపీఎం (పది లక్షల పాళ్ల నీటికి 200 పాళ్ల క్లోరిన్) మించనవసరం లేదు, కాబట్టి చేతి అంచనాతో కాక కొలిచి కలపండి. ముందు సబ్బుతో జిడ్డు వదిలించి, ఆ తర్వాత క్లోరిన్ నీరు పోసి, క్లోరిన్ డబ్బా మీద చెప్పిన నిమిషాలు గడవగానే మంచినీటితో కడిగేయండి. రాత్రంతా నిలవ ఉంచితే క్రిములకు అదనంగా జరిగేదేమీ లేదు, నష్టం బల్లకే. కొత్త బల్లలు కొనేటప్పుడు మాలిబ్డినం కలిసిన 316 రకం అడగండి. ధర ఎక్కువే గాని, నిత్యం ఉప్పునీరు తగిలేచోట 304 కంటే అది చాలా మెరుగు. అతుకుల దగ్గర సందులు లేకుండా వెల్డింగ్ నున్నగా సానపట్టించండి. ఉప్పు దాగేది ఆ సందుల్లోనే.