ఒక కన్ను వెలిగింది, రెండోది వెలగలేదు

ప్రశ్న: సార్, మాది ధర్మవరం. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఫస్ట్ పీయూసీ (మన ఇంటర్ ఫస్టియర్), పీసీఎంసీ (ఎంపీసీతో పాటు కంప్యూటర్ సైన్స్) చదువుతున్నాడు. జేఈఈ కోచింగ్‌కీ వెళ్తున్నాడు. మార్కులు ఫరవాలేదు. కానీ రాత్రి పదకొండు దాటితే పుస్తకాలు పక్కన పెట్టి, ఫెల్ట్ బట్టతో వింత జంతువుల బొమ్మలు కుట్టి, వాటి కళ్లలో చిన్న చిన్న లైట్లు పెడుతుంటాడు. పోయిన నెల ఒక డ్రాగన్‌కి ఒక కన్ను వెలిగి రెండోది వెలగలేదని మూడు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. ఇదే నా కెరీర్ అంటున్నాడు. మగపిల్లాడు సూదీ దారం పట్టుకుని కూర్చోవడం మా ఆయనకు నచ్చట్లేదు. అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు మాత్రం డబ్బులిస్తాం, మా పిల్లలకు చేసివ్వు అంటున్నారు. బొమ్మల కళ్లలో లైట్లు పెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా,

ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ‘బొమ్మల కళ్లలో లైట్లు పెట్టువారు కావలెను’ అని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. ఆ పేరుతో ఉద్యోగం లేదు. పని మాత్రం ఉంది, రెండు మూడు ఉద్యోగాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. మీవాడికి అందులో ఏ ముక్క కావాలో తేలితే మిగతాది సులువు. అది తేల్చే ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు.

ఆ డ్రాగన్ సంగతే చెప్తున్నాను. రెండు కళ్లూ వేర్వేరు రంగులా అని వాణ్ని అడగండి. ఒకటి ఎరుపు, రెండోది నీలం అయ్యుంటుందని నా అనుమానం. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. నీలానికి 3 దాకా కావాలి. రెండిటినీ పక్కపక్కనే ఒకే బటన్ సెల్‌కి కలిపేస్తే ఎరుపుది కరెంటంతా లాగేసుకుని, వోల్టేజీని తనకు సరిపోయే 2 దగ్గరికి దించేస్తుంది. నీలానికి అది చాలదు. ఎల్‌ఈడీ కాలిపోలేదు, సెల్ అయిపోలేదు, వైరు తెగలేదు. నీలం దాన్ని విడిగా పెట్టి చూస్తే చక్కగా వెలుగుతుంది. మళ్లీ బొమ్మలో పెడితే ఆరిపోతుంది. పదహారేళ్ల పిల్లాడికి మూడు రోజులు అన్నం సహించలేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

దానికి మందు ఇది: మూడు సన్న పెన్సిల్ సెల్స్ పెడితే 4.5 వోల్టులు వస్తాయి. ఎరుపుకు కరెంటును అదుపుచేసే రెసిస్టర్ 270 ఓమ్‌లది, నీలానికి 150 ఓమ్‌లది, దేనిది దానికే విడిగా వేస్తే రెండు కళ్లూ ఇంచుమించు 10 మిల్లీ ఆంపియర్లతో వెలుగుతాయి. (మీ ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి. కంటికి కనిపించే ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. గట్టిగా వెలిగే నీలం రావడానికి 1990ల దాకా పట్టింది. అది సాధించిన, జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. నీలం కన్ను మీవాణ్ని ఒక్కణ్నే ఏడిపించలేదు.)

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. ఆ మూడో రోజు మీవాడు ఏం చేశాడు?

ఎందుకు వెలగలేదో తేలేదాకా వదలకుండా, మల్టీమీటర్ పెట్టి కొలిచి, కారణం పట్టుకుని అప్పుడు పడుకున్నాడా? అలాగైతే వాడు ఎలక్ట్రానిక్స్ మనిషి. ఈసీఈలో చేర్పించండి. బొమ్మలు వాడి చేతికి దొరికిన సాకు మాత్రమే. లేదూ, ‘పోనీలే’ అని రెండు కళ్లకూ ఎరుపే పెట్టేసి, ఆ చూపు కోపంగా ఉందా, దిగులుగా ఉందా అని దూరంగా నిలబడి చూసుకున్నాడా? అప్పుడు వాడిది డిజైన్. మూడో రకం పిల్లలనూ చూశాను నేను. వెలగని కంటి మీద అడ్డంగా ఒక గాటు కుట్టి, ఈ డ్రాగన్ యుద్ధంలో కన్ను పోగొట్టుకుందని కథ చెప్తారు. వాళ్లకు సర్క్యూట్ అక్కర్లేదు, కథా పాత్రలు కావాలి. యానిమేషన్ వైపు, గేమ్స్ వైపు వెళ్లాల్సినవాళ్లు వాళ్లు. నా దగ్గరికి వచ్చే ఆప్టిట్యూడ్ టెస్ట్ రిపోర్టుల కంటే ఈ ఒక్క జవాబు మీద నాకు నమ్మకం ఎక్కువ.

మీరు పంపిన ఫొటోల్లో గుడ్లగూబను పెద్దది చేసి చూశాను. అక్కడ నాకు డిజైనర్ వాసన తగిలింది, చెప్తాను. మామూలుగా ఎల్‌ఈడీని తెచ్చి కంటి రంధ్రంలో దూరిస్తే అది కన్నులా ఉండదు, మొబైల్ టార్చిలా మన కళ్లలోకి కొడుతుంది. మీవాడు ఎల్‌ఈడీ మొనను ఉప్పు కాగితంతో రుద్దినట్టున్నాడు, వెలుగు ఒక చుక్కలా కాకుండా చుట్టూ పరుచుకుంది. దాని మీద పింగ్‌పాంగ్ బాల్ సగం ముక్క బోర్లించాడు. కనుపాపను నల్ల రంగుతో నిలువుగా సన్నగా గీశాడు. అన్నిటికంటే నాకు నచ్చింది పైరెప్ప. కన్ను పైభాగం మూడో వంతు ఫెల్ట్ ముక్కతో కప్పేశాడు. ఆ ముక్క వల్లే గుడ్లగూబకు నిద్ర ఆపుకుంటున్న వాచ్‌మన్ ముఖం వచ్చింది. రెప్ప తీసేస్తే మిగిలేది రెండు లైట్లే.

లోపం కూడా చెప్పాలి కదా. వీడియోలో ఆ కళ్లు ఆరి వెలగడం పెళ్లి పందిట్లో సీరియల్ సెట్టులా ఉంది. ఒక సెకను వెలుగు, ఒక సెకను చీకటి. ప్రాణం ఉన్నది ఏదీ అలా రెప్ప వేయదు. మనిషి రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, అదీ లెక్క ప్రకారం రాదు. ఒకసారి ఆరు సెకన్లకు, ఒకసారి రెండు సెకన్లకు. ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఏటీటైనీ85తో ఈ తేడా తెప్పించొచ్చు. వెలుగు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేలా, ఊపిరి పీల్చినట్టు కూడా చేయొచ్చు. ప్రోగ్రామ్ రాయడం పీసీఎంసీ కుర్రాడికి వారం పని. ఎన్ని సెకన్లకు రెప్ప వేయించాలన్నదే అసలు పని. దానికి మీ ఇంటి చుట్టూ తిరిగే పిల్లిని చూస్తూ కూర్చోవాలి.

పిల్లి అంటే గుర్తొచ్చింది. పిల్లి కళ్లు చీకట్లో వాటంతట అవి వెలగవు. కంటి వెనక ఉన్న ఒక మెరుపు పొర బయటి వెలుతురును తిప్పి కొడుతుంది. సైకిళ్లకు అంటించే రిఫ్లెక్టర్ స్టిక్కర్ ముక్కను పారదర్శకమైన గుండ్రటి మూత వెనక పెడితే, సెల్ లేకుండానే, టార్చి వేసినప్పుడు మాత్రం భగ్గున మెరిసే కన్ను తయారవుతుంది. ఇక మీ ఊరి పక్కనే ఉన్న నిమ్మలకుంటకు వెళ్లండి. తోలుబొమ్మలాటకు 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు అది. అక్కడ మేకతోలును వెలుగు అవతలికి కనపడేంత పలచగా చేసి, ఉలితో సన్నటి రంధ్రాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి నగలు మెరుస్తాయి, కళ్లు తెరుచుకుంటాయి. ఇప్పుడు వాళ్లు అదే తోలుతో లాంప్ షేడ్లు కూడా చేస్తున్నారు. దసరా సెలవుల్లో ఊరికి వెళ్తారుగా, రెండు రోజులు వాణ్ని అక్కడ వదలండి. కోచింగ్ సెంటర్ వాళ్లకు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

ఇక ఉద్యోగాలు. అచ్చంగా బొమ్మల కంపెనీల్లో డిజైనర్ పోస్టులు తక్కువ, ఈ విషయంలో మీకు లేనిపోని ఆశ పెట్టను. పరిస్థితి కొంత మారిన మాట నిజం. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. ఇక్కడ తయారుచేసేవాళ్లకు అది కలిసొచ్చింది. అయినా నేను మిమ్మల్ని చూడమనేది పక్క వీధి. కారు డాష్‌బోర్డులో వెలిగే గుర్తులు, వాషింగ్ మెషీన్ మీద మెల్లగా మినుకుమనే లైటు, మాట్లాడితే వెలిగే స్పీకర్ చుట్టూ ఉన్న రింగు, ఇవన్నీ మీవాడి గుడ్లగూబ కన్ను లాంటివే. లోపల ఎల్‌ఈడీ, ముందు వెలుగును పరిచే ప్లాస్టిక్, వెనక ఎప్పుడు ఎంత వెలగాలో చెప్పే ప్రోగ్రామ్. బెంగళూరులో ఈ పని చేసే టీమ్‌లు చాలా ఉన్నాయి. సైన్స్ మ్యూజియాలకు కదిలే ఎగ్జిబిట్లు చేసేవాళ్లకూ ఇలాంటి చేతులు కావాలి.

చదువు సంగతికి వస్తే, జేఈఈ మానేయమని నేను చెప్పను. సెకండ్ పీయూసీలో ఉండగా జనవరిలో వచ్చే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. ఐఐటీల్లో నాలుగేళ్ల బి.డెస్ (డిజైన్ డిగ్రీ) సీట్లు దాని ద్వారా ఇస్తారు. హైదరాబాద్ ఐఐటీలో కూడా ఉంది. ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు, కానీ రెండుసార్లే, అదీ వరుస సంవత్సరాల్లోనే. అందులో కాగితం మీద బొమ్మ గీయాల్సిన భాగం ఉంటుంది. మీవాడు కుట్టడం బాగా కుడతాడు, గీయడం ఎలా ఉందో నేను చూడలేదు. రోజూ అరగంట పెన్సిల్ పట్టుకోమనండి. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష, దాని పేరు డాట్. ఎన్‌ఐడీ మన ఆంధ్రలో కూడా ఉంది. ఇక్కడే బెంగళూరు యలహంకలో సృష్టి అనే డిజైన్ కాలేజీ ఉంది, కాకపోతే అది ప్రైవేటు. ఫీజు మొత్తం నాలుగేళ్లకు ఎంతవుతుందో అడిగి రాసుకున్నాకే అప్లికేషన్ కొనండి.

మూడో రోజు జవాబు ‘మల్టీమీటర్’ అయితే మాత్రం ఈసీఈ చేయించి, తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయించి ఎం.డెస్‌కి (డిజైన్‌లో పీజీ) పంపొచ్చు. మన బెంగళూరు ఐఐఎస్‌సీలోనే (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ప్రొడక్ట్ డిజైన్‌లో ఎం.డెస్ ఉంది. పేరులోనే బొమ్మలు ఉన్న కోర్సు కావాలంటే ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్ ఎం.డెస్ ఉంది, దానికి మాత్రం సీడ్ కాదు, డాట్ రాయాలి. నాకైతే ముందు ఈసీఈ, తర్వాత డిజైన్ అనే ఈ రెండో దారి మీ ఇంటికి బాగా నప్పుతుందనిపిస్తోంది. ఇంజినీరింగ్ అంటే మీ ఆయన ఒప్పుకుంటారు, వాడికీ నాలుగేళ్లలో తనకేం కావాలో తెలిసొస్తుంది.

అపార్ట్‌మెంట్ వాళ్ల ఆర్డర్ల దగ్గర కాస్త గట్టిగా మాట్లాడాలి. రెండేళ్ల కిందట ఒక జాతరలో మా మనవరాలికి కళ్లు వెలిగే కోతిబొమ్మ కొన్నాను. మర్నాటికి వెనక మూత ఊడింది. సెల్ ఏదని వెతికితే పాప పిడికిట్లో ఉంది. నోట్లోకి వెళ్లకముందే చూశాం కాబట్టి సరిపోయింది. రూపాయి బిళ్లంత ఆ లిథియం సెల్ మింగితే, అది గొంతు కింద ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే ఆహారనాళం లోపల కాలిపోతుంది. మింగినట్టు అనుమానం వచ్చినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అందుకని స్క్రూ డ్రైవర్ లేకుండా తెరవలేని మూత పెట్టేదాకా ఏ బొమ్మా గడప దాటకూడదు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి సెల్ ఉన్న బొమ్మ ఇవ్వనేవద్దు. ఊడివచ్చే పింగ్‌పాంగ్ ముక్క కూడా ప్రమాదమే. వాళ్లకు కళ్లు దారంతో కుట్టేసి ఇవ్వమనండి.

డబ్బులు తీసుకునే ముందు ఇంకోటి. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలు అమ్మాలంటే 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. కరెంటుతో, సెల్‌తో నడిచేవాటికి ఐఎస్ 15644 అని విడిగా ప్రమాణం ఉంది. మీవాడు ప్రస్తుతానికి అమ్మకాలు మానేసి, ఆ ప్రమాణంలో ఏం అడుగుతారో చదివి, తన గుడ్లగూబ ఎక్కడెక్కడ ఫెయిలవుతుందో ఒక పేజీ రాసుకోవాలి. ఇంటర్వ్యూలో పది బొమ్మలు చూపించేవాళ్లు చాలామంది వస్తారు. ఆ ఒక్క పేజీ తెచ్చేవాళ్లు అరుదు.

మీ ఆయన విషయం. ధర్మవరం మనిషి, దారం పట్టుకున్న మగపిల్లాణ్ని చూసి నామోషీ పడతారా? మగ్గం మీద కూర్చున్న తాతలు, మేనమామలు మీ రెండు వైపులా ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టమనండి. ఈ మాట నేనన్నానని చెప్పినా ఫరవాలేదు.

ఇద్దరూ వాణ్ని తీసుకుని ఒకసారి నా దగ్గరికి రండి. డ్రాగన్‌ను తప్పకుండా తీసుకురండి, బాగుచేయకుండా, ఉన్నది ఉన్నట్టుగా. వచ్చేముందు వాణ్ని, వాళ్ల నాన్నను కలిపి ఎస్పీ రోడ్డుకు పంపించండి. రెసిస్టర్లు, సెల్ హోల్డర్, ఒక చవక మల్టీమీటర్ తెచ్చుకుంటారు. ఆదివారం మాత్రం వద్దు, చాలా షాపులు మూసేసి ఉంటాయి.